కథకి ఐదు రూపాయలు

మా అమ్మాయి చదివిన ఒక్కో కథకి ఐదు రూపాయల చొప్పున రేటు కట్టాను. అప్పుడు తనకి ఎనిమిదేళ్లు. పిల్లని దారిలో పెడుతున్నానని మనసారా నమ్మి చేసిన పని అది. అందుకే ఇప్పుడు తలుచుకుంటే ఎక్కువ బాధ.

తెనాలిలో మా అమ్మ దగ్గర పాత చందమామల బైండ్లున్నాయి. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక. చక్రపాణిదీ, ఏళ్ల తరబడి దాన్ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుదీ మా తెనాలే కాబట్టి, మా ఇంట్లో ఆ బైండ్లని అయినవాళ్ల పుస్తకాల్లా చూసుకునేవాళ్లు. సెలవులకి వెళ్లిందంటే పిల్ల వాటి మీదే పడేది. తను బేతాళ కథ చదివే తీరు చూసి తీరాలి. బేతాళుడు ప్రశ్న వేసే చోటికి రాగానే, కింద విక్రమార్కుడి జవాబు కనపడకుండా అరచెయ్యి అడ్డం పెట్టేసేది. "నానమ్మా, తప్పెవరిదో ముందు నువ్వు చెప్పు" అని మా అమ్మతో వాదనకి దిగేది. చివరికి చెయ్యి తీసి చూసేది. రాజు చెప్పింది నచ్చకపోతే రాజుదే తప్పని తేల్చేసేది.

అంత ఇష్టంగా చదివే పిల్లకి ఇంకేం కావాలి? నాకు మాత్రం చాల్లేదు. ఆఫీసులో భోజనాల దగ్గర కూర్చుంటే ఒకరి కొడుకు ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్‌లో చేరాడు, ఇంకొకరి కూతురు ఒలింపియాడ్‌లో మెడల్ తెచ్చింది. మా పిల్ల నేల మీద బోర్లా పడుకుని చందమామ చదువుకుంటుంటే అది నా కంటికి చదువులా ఆనలేదు. భయమేసింది. ఆ భయానికి నేను పెట్టుకున్న పేరు క్రమశిక్షణ.

ఒక నోటుబుక్కు తెచ్చి గళ్లు గీశాను. తేదీ, కథ పేరు, పేజీలు, నా సంతకం. ఆదివారం లెక్క చూసి డబ్బులు డిబ్బీలో వేయించేవాణ్ణి. చదవడమూ వస్తుంది, పొదుపూ అలవాటవుతుందని మా ఆవిడతో గొప్పగా చెప్పాను. "ఊరికే చదువుతున్న పిల్లకి డబ్బులెందుకండీ?" అని తను అడిగితే విసుక్కున్నాను. ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగి ఆలోచించి ఉంటే ఇదంతా ఉండేది కాదు.

మొదట్లో గళ్లు చకచకా నిండాయి. తర్వాత పిల్ల అరపేజీ కథలు వెతకడం మొదలుపెట్టింది. బేతాళ కథలు పొడుగని వదిలేసింది. సీరియల్లో ఒక భాగం చదివితే కథ కిందికి వస్తుందా రాదా అని అడిగింది. పిల్లకి లెక్క తెలుస్తోందని మురిసిపోయానే తప్ప, అరచెయ్యి అడ్డం పెట్టుకోవడం ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు.

ఆ మధ్య మా అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయింది. కంటికి కట్టుతో పడుకుని, "ఒక కథ చదివి పెట్టవే తల్లీ" అంది. పిల్ల బైండు తీసి, నా వైపు తిరిగి, "నాన్నా, ఇది నోటుబుక్కులో రాసుకోవచ్చా?" అంది.

"వద్దులేవే, రేడియో పెట్టు" అంది అమ్మ.

పిల్ల ఎందుకిలా మారిందోనని ఆ తర్వాత దొరికిన పుస్తకాలు తిరగేస్తుంటే ఒక పరిశోధన గురించి చదివాను. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు స్టాన్‌ఫర్డ్‌లో నర్సరీ పిల్లల మీద చేశారు. బొమ్మలు వెయ్యడం ఇష్టమున్న పిల్లల్ని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. రెండో జట్టుకి ముందు చెప్పకుండా వేశాక ఇచ్చారు. మూడో జట్టుకి ఏమీ లేదు. కొన్నాళ్లు పోయాక ఎవరి ఇష్టానికి వాళ్లని వదిలేసి చూస్తే, ఆశ చూపించిన జట్టు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే బొమ్మలు వేసింది. చెప్పకుండా బహుమతి అందుకున్న పిల్లల ఇష్టం మాత్రం తగ్గలేదు. చెడగొట్టేది బహుమతి కాదు, ముందు కుదుర్చుకునే బేరం. ఎలాగూ ఇష్టం లేని పనికి కాస్త ఆశ చూపిస్తే పెద్ద నష్టం లేదని కూడా ఈ విషయం మీద పనిచేసినవాళ్లు చెబుతారు. నేను ధర కట్టింది పిల్లకి అన్నిటికంటే ఇష్టమైనదానికి.

చదివిన మర్నాడే డబ్బులు ఆపేశాను. అదీ తొందరపాటే. ఏం తప్పు చేశానని ఆపేశారని పిల్ల ఏడ్చింది. తప్పు తనది కాదు, నాదేనని కూర్చోబెట్టుకుని చెప్పాను. తల ఊపింది కానీ బైండ్ల జోలికి వెళ్లలేదు.

ఇలాంటి ఆశే లెక్కల విషయంలోనూ చూపించాను. ఐదో తరగతిలో మార్కులు తగ్గితే, తొంభై దాటితే సైకిల్ కొంటానన్నాను. మార్కులు కదల్లేదు. ఒకరోజు పక్కన కూర్చుని తను చేస్తున్న లెక్క చూశాను. మూడింట ఒకటికి నాలుగింట ఒకటి కలపమంటే, పైవీ పైవీ కింద ఉన్నవీ కింద ఉన్నవీ కూడేసి ఏడింట రెండని రాసింది. హారాలు వేరైతే క.సా.గు. ఎందుకు కావాలో పిల్లకి ఎవరూ చెప్పలేదు. చపాతీ ముక్కలు కోసి చూపించాను. ఒకటి పన్నెండు ముక్కలయ్యేసరికి, "ఓ, ముక్కలు సమానంగా ఉంటేనే కలపాలి!" అని తనే కేకేసింది. సైకిల్ కోసం ఎంత ఆశపడినా తనకి తెలియనిది తెలిసేది కాదు. ఆ సైకిల్ ఏ షరతూ లేకుండా తర్వాత కొనిచ్చాను.

ఇప్పుడు మా అమ్మాయి ఎక్కువగా పాముల గురించి చదువుతోంది. కట్లపాముకీ రక్తపింజరికీ తేడా భోజనాల దగ్గర చెబుతుంటే వింటాను. పరీక్షకి పనికొస్తుందా అన్న మాట నాలిక చివరిదాకా వస్తుంది, మింగేస్తాను. బేతాళుడి దగ్గరికి మళ్లీ వెళ్తుందో లేదో నా చేతుల్లో లేదు.

మొన్న మా స్నేహితుడొకడు ఫోన్ చేశాడు. పదో తరగతి చదివే కొడుకు ఫిజిక్స్ పుస్తకం ముట్టడం లేదట, మంచి మార్కులు తెస్తే స్మార్ట్‌ఫోన్ కొనిస్తానని చెప్పబోతున్నాడట. నా కథంతా చెప్పాను. "మరి ఏ ఆశా లేకుండా చదువుతాడా వాడు?" అన్నాడు. ఎక్కడ ఆగిపోతున్నాడో అడిగావా అన్నాను. అడగలేదన్నాడు. సాయంత్రం అడిగి మళ్లీ ఫోన్ చేశాడు. కాంతి పాఠమట, కటకాల దగ్గర కిరణ చిత్రాలు గీయడం రాక పుస్తకం మూసేస్తున్నాడట. ఆదివారం వాణ్ణి మా ఇంటికి పంపమన్నాను. స్కేలూ పెన్సిలూ తెచ్చుకుంటే చాలు, కుంభాకార కటకంతో మొదలుపెడదామన్నాను.