వచ్చే త్రైమాసికంలో పట్టు

బరువుకు బరువు తూచి చూస్తే సాలెపురుగు దారం ఉక్కును మించిందని బడిపిల్లలకూ తెలుసు. సాలెపురుగుల్ని మందగా పెంచబోతే ఒకదాన్నొకటి తినేస్తాయనీ తెలుసు. ఈ రెండు నిజాల మధ్య మిగిలిన ఖాళీ జాగాలో అమెరికా చిన్న మదుపరి ఏళ్ల తరబడి షేర్ల రూపంలో ప్లాట్లు కొంటున్నాడు.

ఆ వెంచర్లలో పేరున్నది మిషిగన్‌కు చెందిన క్రెయిగ్ బయోక్రాఫ్ట్ లేబొరేటరీస్. 2006లో పుట్టింది. సాలెపురుగు జన్యువును పట్టుపురుగులోకి ఎక్కించామని నోటర్ డామ్ విశ్వవిద్యాలయంతో కలిసి 2010లో ప్రకటించింది. 2012లో ఆ పరిశోధన పేరున్న పత్రికలో అచ్చయింది కూడా. సైన్సుతో నాకు పేచీ లేదు. పురుగు తన పని తాను చేసింది. పేచీ అంతా ఆ పురుగు మీద ‘ఔట్‌లుక్’, అంటే షేరు భవిష్యత్తు జోస్యం, రాసే మహానుభావులతోనే.

వాళ్ల లెక్క చూడండి. ప్రపంచ వస్త్ర మార్కెట్ మొత్తం తీసుకుంటారు. అందులో మనకు ఒక్క శాతం చాలంటారు. ఎంత వినయం! వచ్చినదాన్ని షేర్ల సంఖ్యతో భాగించి, పైసల షేరు డాలర్లవుతుందని తేలుస్తారు. భాగహారంలోనే ఉంది తిరకాసు. ఈ కంపెనీ క్లాస్ ఏ షేర్లు ఎన్నయినా జారీ చేసుకోవచ్చు, పరిమితే లేదు. సాగే గుణం దారానికే కాదు, షేర్లకూ అబ్బిందన్నమాట.

2016లో అమెరికా సైన్యం ఈ దారంతో రక్షణ కవచాల పరీక్ష కోసం కంపెనీకి కాంట్రాక్టిచ్చింది. మొదట దాదాపు లక్ష డాలర్లు, తర్వాత పెంచితే పది లక్షలకు దగ్గరైంది. దారం తూటాను ఆపిందో లేదో గానీ, ఆ వార్త మాత్రం ప్రశ్నలడిగేవాళ్లను బాగానే ఆపింది. కంపెనీ నిలబడగలదా అన్నది గట్టి సందేహమేనని ఆడిటర్లు వార్షిక నివేదికల్లో రాస్తూ వచ్చారు. షేరు భక్తుడికి ఆ పేజీ తెరుచుకోదు.

ఇలాంటివి ఇంతకుముందూ చూశాం. కెనడాలో నెక్సియా అనే కంపెనీ పాలలో సాలెపట్టు ప్రోటీన్ ఇచ్చే మేకల్ని పెంచింది. మేకలు పాలిచ్చాయి, చొక్కా రాలేదు. కాలిఫోర్నియాలో బోల్ట్ థ్రెడ్స్ 2017లో 314 డాలర్ల టై అమ్మింది, అదీ యాభయ్యే. తర్వాత మొహానికి రాసుకునే క్రీముల ముడిసరుకు వైపు మళ్లింది. మెడ నుంచి మొహానికి ఎదగడమూ ఎదుగుదలే కదా.

మన హిందూపురం మార్కెట్లో రైతు పట్టుగూళ్లు తెచ్చి పోశాకే వేలం. దారం తీసే రీలరు గూడు చేత్తో నొక్కి చూశాకే ధర. అక్కడ ఎవరూ ఔట్‌లుక్ రాయరు, రాస్తే నవ్వుతారు.

కాబట్టి అమెరికాలో ఉన్న మీ బావమరిది ఫోన్ చేసి ‘ఇప్పుడే కొనాలి బావా’ అంటే ఒక్కటి అడగండి: పోయిన ఏడాది ఎన్ని కిలోల దారం, ఎవరికి అమ్మారు? జవాబులో ‘త్వరలో’ అని వినబడితే పిల్లల చదువులు, ఆరోగ్యం గురించి మాట్లాడి ఫోన్ పెట్టేయండి.