గంట కొడితేనే గిట్టుబాటు

అతిథి దేవుడంటారు. కాలేజీల్లో మాత్రం అతిథి అధ్యాపకుడంటే పీరియడ్ లెక్కన కూలీ. డిగ్రీ, ఆపై తరగతులకు పీరియడ్‌కు రూ.1,500, నెలకు రూ.50 వేలు మించకుండా ఇవ్వొచ్చని యూజీసీ 2019లో సెలవిచ్చింది. ఒక మెట్టు దిగి తెలంగాణ సర్కారు జూనియర్ కాలేజీకొస్తే, పీరియడ్ రేటు రూ.390కి చేరడమే పండగైంది!

దసరా సెలవులు పిల్లలకు సంబరం, సారుకు కోత.

పాఠం మొదలెడితే వెనక బెంచీలో రీల్స్. హాజరు వేసేటప్పుడు మాత్రం 'ప్రెజెంట్ సార్' అని కోరస్. మార్కులు తగ్గితే నిలదీత సారుకే. పేపర్లు దిద్దిన రాత్రులు ఏ పీరియడ్ కిందికీ రావు.

జూన్ వస్తే మళ్లీ దరఖాస్తు, మళ్లీ డెమో. ఏలినవారూ, ఇచ్చే ఆ నాలుగు రూకలైనా నెలనెలా ఠంచనుగా వేయండి!