‘వరసలో పెట్టు’: టీకా తాత్పర్య సహితము

మూలము

అన్నా, ఇంకో గంట పట్టేలా ఉంది. మన ఇంజనీరింగప్పటి ఆల్బమ్ ఏదైనా పెట్టు. షఫుల్‌లో వద్దు, వరసలో పెట్టు. మధ్యలో ఎత్తేయకు.

అవతారిక

రాయదుర్గమున మైండ్‌స్పేస్ కూడలికి ఇవతల, వాన వెలిసిన సాయంకాలము, కదలక నిలిచిన కారులో వెనుక సీటువాడు స్టీరింగు పట్టినవానితో పలికిన వాక్యమిది. ఇరువురును నలువది దాటినవారు. ఒకనికి రెండవవాడు మూడేండ్లు సీనియరు. ముందు సీటున ఇంకొకడు గలడు, నిరుడు క్యాంపస్‌లో ఎంపికై వచ్చినవాడు. పూర్వపక్షము చేయుట వాని పని. మెదక్ సీమలోని కొల్చారమునకు చెందిన మల్లినాథసూరి పంచమహాకావ్యములకు వ్యాఖ్య వ్రాయుచు, మూలమున లేనిది వ్రాయననియు అక్కఱలేనిది చెప్పననియు ప్రతిన పట్టెను. ఈ వ్యాఖ్యాత మొదటిదానికి కట్టుబడును. రెండవది ఈ ట్రాఫిక్కులో సాధ్యము గాదు.

ప్రతిపదార్థము

అన్నా = కారు గలవాడా; ఇంకో గంట పట్టేలా ఉంది = మ్యాపు పదునెనిమిది నిమిషములని చూపుచున్నను దానిని నమ్మరాదు; మన ఇంజనీరింగప్పటి = బ్యాక్‌లాగులు మోయుచుండిన కాలము నాటి; ఆల్బమ్ = ఒక సినిమా పాటల సముదాయమును; పెట్టు = ఫోనునుండి కారు స్పీకర్లకు కలుపుము; షఫుల్‌లో వద్దు = యంత్రము చిత్తమునకు వదలకుము; ఎత్తేయకు = నచ్చని పాటను దాటవేయకుము.

తాత్పర్యము

ఓ మిత్రమా! ఈ కూడలి మనల నెట్లును వదలదు. కనుక మనకు మీసములు వచ్చిన కాలపు సినిమా పాటలను, నాడు విన్న క్రమముననే, మంచిచెడ్డలు ఎంచక వినిపింపుము అని భావము.

విశేషములు

‘ఇంకో గంట’ యనుటలో లెక్క గలదు. అటు మూడు, ఇటు మూడు పాటలున్న సినిమా క్యాసెట్టు ఇంచుమించు అరగంట. కావున గంట యనగా రెండు ఆల్బములు. కొండాపూర్ వాసికి ఖుషి సినిమా ఆల్బము ఒక్కటి చాలును. నల్లగండ్ల వాసికి అది ముగిసి నువ్వు నేను ఆల్బము గూడ సగము కావలెను. ఈ దారిలో కిలోమీటర్ల కంటె ఇదియే నమ్మదగిన కొలత.

కాలనిర్ణయము కొంత చేయవలసియున్నది. 1998 జులైలో తొలిప్రేమ విడుదలయ్యెను. అదే యేట నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించెను. పాట ముందు, ఉద్యోగము పిదప అనుటకు వేఱు ప్రమాణమేల? పై అవధి 2007, అనగా మిక్కీ జె. మేయర్ సంగీతము చేసిన హ్యాపీ డేస్. ఈ నడుమ మణిశర్మ ఖుషి (2001), దేవిశ్రీప్రసాద్ ఆర్య (2004) వచ్చినవి. నిష్పక్షముగా చెప్పవలెనన్న, ఖుషి ఎవరి దన్నును లేకయే నేటికిని నిలుచును. తక్కినవానిలో కొన్ని మన వయసు దన్నుతో నిలిచినవి. ఆర్.పి. పట్నాయక్ బాణీల సంగతి వేఱు. సంగీతము రానివాడు సైతము హాస్టలు మెట్ల మీద కూర్చుండి తడబడక పాడుకొనదగినవవి. ఆ బాణీలకు చిత్రం, నువ్వు నేను, జయం పాటలు వ్రాసిన కులశేఖర్ 2024 నవంబరులో కన్నుమూసెను. ఈ ఒక్క వాక్యమున వ్యాఖ్యాత హాస్యము మానును.

‘ఆల్బమ్’. పూర్వము పాటలన్నియు ఒక్కనాడే, సినిమాకు ముందుగా, బయటికి వచ్చుచుండెను. ఆ వేడుక ఆడియో ఫంక్షన్. ఈ కారు నిలిచిన చోటికి దగ్గఱలోనే, శిల్పారామమును ఆనుకొనియున్న శిల్పకళావేదికపై అట్టివి ఎన్నో జరిగినవి. లోపల రంగు కాగితము విప్పి తొలి ప్రతిని పెద్దల చేతికిచ్చుచుండగా, బయట పాసు దొరకనివారు గేటు పట్టుకొని వ్రేలాడుదురు. తరువాత క్యాసెట్టు కొని ఇంటికి తెచ్చి, సినిమా చూడకమునుపే, ఎవని పాటను వాడు మనసులో చిత్రీకరించుకొనును. నాయిక ఓణీ ఏ రంగో, వాన ఏ చరణమున మొదలగునో అన్నియు ఖాయమైన పిదప థియేటరుకు పోగా, దర్శకుడు ఆ పాటను స్విట్జర్లాండు మంచులో తీసియుండును. ఆ కోపము కొందఱికి ఇంకను చల్లాఱలేదు. ఇప్పుడు పాటలు ఒక్కొక్కటిగా లిరికల్ వీడియోలై యూట్యూబున దిగుచున్నవి. ఊహించుకొను లోపలనే బొమ్మ వచ్చి కూర్చుండును. వేడుక పేరు ప్రీ రిలీజ్ ఈవెంట్ అయ్యెను. అందు విడుదల చేయుటకు పాట మిగిలియుండదు.

ముందు సీటువాడు: “సినిమా పోతే దాని పాటలూ పోవా?” అని ఆక్షేపించెను. సమాధానము: ఆరెంజ్. 2010లో సినిమా ఆడలేదు, హ్యారిస్ జయరాజ్ పాటలు ఆడినవి. 2023లో మరల విడుదల చేయగా, ప్రేక్షకులు నాయకునికి పాడ సందీయలేదు.

ఇక ‘వరసలో పెట్టు’. మూలమునకు ప్రాణమిచ్చటనే గలదు. ఒక పాట ముగియుచుండగనే తరువాతి పాట ఎత్తుగడ చెవిలో మ్రోగుట ఆ తరమువారి లక్షణము. మూడవ పాట పిదప మీట టక్కున పైకి లేచును. క్యాసెట్టు తీసి తిరుగవేయువఱకు గల నిశ్శబ్దము సైతము ఆల్బములోనిదే. ఫోనులో నాలుగవ పాట వెంటనే అందుకొనినచో తాళము తప్పినట్లు తోచును. రికార్డింగు సెంటరులో చీటీ వ్రాసియిచ్చి పాటలు నింపించుకొన్నవారిది మఱియొక అవస్థ. రీలు చాలక చివరి పాట రెండవ చరణమున తెగియుండును. అట్టివాడు నేడు పూర్తి పాట వినుచున్నను ఆ చోటు రాగానే నోరు మూసికొనును. స్టీరింగు పట్టినవాడు దీనికి సాక్షి.

అయితే ఏ వరస? ఇచ్చట శాఖాభేదము గలదు. క్యాసెట్టు శాఖవారికి కంపెనీ అట్ట మీద అచ్చు వేసిన క్రమమే ప్రమాణము. ఎంపీ3 శాఖవారు అమీర్‌పేట మైత్రీవనము వెనుక హాస్టళ్ళలో జావా నేర్చుకొనుచు ఒక్క సీడీలో నూఱు పాటలు నింపుకొన్నవారు. వీరిది ఇంగ్లీషు అక్షరక్రమము. ఫైలుకు పేరు పెట్టినవాడెవడో స్పెల్లింగు తప్పినచో ఆ తప్పును బట్టి పాట ముందుకో వెనుకకో పోవును. వీరికి అదియే వేదము. ఏ పాట తరువాత ఏ పాట అని యడిగిన, మనిషి ఏ యేట డిగ్రీ చేత పట్టెనో ఇంచుమించుగా చెప్పవచ్చును. హెచ్‌ఆర్ వారు ఈ పద్ధతిని ఇంకను గమనింపలేదు.

‘ఎత్తేయకు’ నిషేధవాక్యము. రెండవ వైపు నడుమ ఎవరికిని పట్టని పాట ఒకటుండును. వాక్‌మన్‌లో దానిని ముందుకు తిప్పినచో పెన్సిల్ సెల్లులు త్వరగా అయిపోవును. పొదుపు కొఱకు వినిరి. ఏఱికోరి విన్న పాటలకు రెండవ చరణము మఱచినవారు దీనిని మాత్రము కోరస్‌తో సహా అప్పగింతురు.

“ఏ సినిమా?” అని కారు గలవాడు అడిగెను. నువ్వు నేను అని వెనుకవాడనెను. కారు గలవాడు ఒప్పుకొనెను. ముందు సీటువాడు ఫోను చేత పట్టి “ఫస్ట్ సాంగ్ ఏది అన్నా?” అనెను. కారు గలవాడు క్యాసెట్టు శాఖ, వెనుకవాడు ఎంపీ3 శాఖ. రెండు కంఠములు రెండు పాటల పేర్లు చెప్పినవి. వ్యాఖ్యాత ఉభయుల ప్రమాణములను పరిశీలించి సిద్ధాంతము చెప్పబోవునంతలో గ్రీను పడినది, వెనుకనుండి హారన్లు మొదలైనవి. ఇటుపై గ్రంథపాతము.