ఊపిరి పీల్చండి, టీ మానండి, నడుం నిలబెట్టండి

చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఈ సామెతను పెట్టుబడిగా పెట్టి ఈమధ్య ఒక పరిశ్రమే నడుస్తోంది. అక్కడ తయారయ్యే సరుకు సలహా. దానికి నూలక్కర్లేదు, కరెంటక్కర్లేదు, గిరాకీ మాత్రం ఏడాది పొడవునా ఉంటుంది. టెన్షనా? లోతుగా ఊపిరి పీల్చండి. డబ్బు నిలవడం లేదా? బయట టీ మానండి. నడుం నొప్పా? నిటారుగా కూర్చోండి, రోజుకు పదివేల అడుగులు నడవండి. రోగాలు మూడు, మాత్రలు మూడు, కారణం మాత్రం ఒక్కటే: మీరు. మీ అలవాట్లు, మీ దుబారా, మీరు వంకరగా కూర్చునే తీరు.

ఈ మాత్రలను సూరత్‌లో పంచి చూద్దాం. లింబాయత్ వైపు వెళ్తే తెలుగు వినిపిస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి వలసపోయిన నేత కుటుంబాలు తరాలుగా అక్కడున్నాయి. వాళ్ల పిల్లల కోసం ఆ ఊరి కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు పెట్టింది. మగవాళ్లు సాంచాల (మరమగ్గాల) మీద, ఆడవాళ్లు ఇంట్లోనే చీరలకు లేసులు కుడుతూ, రాళ్లు అతికిస్తూ పొద్దు పుచ్చుతారు.

మొదటి మాత్ర, ఊపిరి. సాంచాల మీద షిఫ్టు పన్నెండు గంటలు. ఒక్కో మనిషి చేతికింద ఎనిమిదో పదో సాంచాలు. కూలి నేసిన మీటర్ల లెక్కన. నాలుగంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఏడంకెలు బిగబట్టి, ఎనిమిదంకెలు వదిలేలోపు ఎక్కడో ఒక పోగు తెగుతుంది, ఆ సాంచా ఆగుతుంది, దాంతో కూలీ ఆగుతుంది. పక్కవాడితో సైగలతో తప్ప మాట్లాడలేనంత మోత అది. అక్కడ నిలబడి ‘మీ అంతరంగం చెప్పేది వినండి’ అంటే, వినడానికి ముందు చెవులు మిగలాలి కదా!

అలాగని సూరత్‌కు ప్రశాంతత తెలియదనుకోకండి. 2023 జూన్ 21న అక్కడ లక్షన్నర మందికి పైగా ఒకే చోట యోగా చేసి గిన్నిస్‌కెక్కారు. 2025లో అదే రోజున మన విశాఖ మూడు లక్షల మందిని కూడగట్టి ఆ రికార్డు లాగేసుకుంది. నిశ్చలంగా కూర్చోవడంలో కూడా పోటీకి దిగగల ఘనులం మనం. విశాఖలో చాపలు చుట్టిన పదో రోజున, జూలై 1న, గుజరాత్ ప్రభుత్వం ఒక ఆర్డినెన్సు తెచ్చింది. వారానికి 48 గంటలు దాటనంత వరకు ఫ్యాక్టరీలో రోజు పనిని 9 నుంచి 12 గంటలకు పెంచుకోవచ్చట. సాంచాలవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించి ఉండదు. వాళ్లు పనిచేసే కార్ఖానాలు చాలావరకు ఫ్యాక్టరీలుగా కాక దుకాణాలుగా నమోదైనవి. పన్నెండు గంటలు వాళ్లకు ఎప్పటినుంచో అలవాటే. చట్టమే ఆయాసపడుతూ వచ్చి వాళ్లను అందుకుంది.

రెండో మాత్ర, పొదుపు. సంపాదనలో యాభై శాతం అవసరాలకు, ముప్ఫై కోరికలకు, ఇరవై దాపుకు అని ఒక సూత్రం ఫోన్లలో తెగ తిరుగుతోంది. గది అద్దె, బియ్యం, ఊరికి పంపేది, చిట్టీ, కిరాణా ఉద్దెర పోయాక లింబాయత్ ఇంట్లో ఆ ముప్ఫై శాతం కోరికల కోసం సోదా చేస్తే పట్టుబడేది ఒక్క టీ. అదీ అరకప్పు. మందు మానితే మిగులుతుందంటారా? ఆ సలహాను గుజరాత్ రాష్ట్రం 1960లో పుట్టినప్పటి నుంచే కనీసం కాగితం మీద అందరి తరఫునా పాటిస్తోంది. పాసుపుస్తకాలు మాత్రం లావెక్కలేదు.

ఆ సూత్రాన్ని 2005లో ఒక పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చింది అమెరికా ఆచార్యురాలు ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు. అంతకు రెండేళ్ల ముందే ఆ తల్లీకూతుళ్లు మరో పుస్తకం రాశారు. మధ్యతరగతి కుటుంబాలు దివాలా తీసేది విలాసాల వల్ల కాదు, ఇల్లు, వైద్యం, చదువుల ఖర్చు మోయలేక అన్నది దాని సారాంశం. మన సలహాదారులు రెండో పుస్తకంలోని అంకెలు పట్టుకొచ్చి మొదటి పుస్తకాన్ని అక్కడే వదిలేసి వచ్చారు. మోత బరువు తగ్గించుకున్నారన్నమాట, పొదుపరులు!

మూడో మాత్ర, నడక. పదివేల అడుగుల లెక్క 1965లో జపాన్‌లో అడుగులు లెక్కించే పరికరాన్ని అమ్ముకోవడానికి పుట్టింది. పది సాంచాల మధ్య పొద్దస్తమానం తిరిగేవాడికి కొరత అడుగులది కాదు, కూర్చునే చోటుది. నేల మీద చీర పరుచుకుని రాయి రాయీ అతికించే అమ్మకు ‘కుర్చీ ఎత్తు సరిచేసుకోండి’ అని చెబితే, ముందు ఆ కుర్చీ ఏదని అడుగుతుంది.

నొప్పి మీద వ్యాపారం మన పెద్దలూ చేశారు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ రాబడితో 1908లో అక్కడే ఆంధ్రపత్రిక స్థాపించారు. తలనొప్పికి డబ్బా అమ్మి, దొరలకు తలనొప్పి తెచ్చారు. ఇప్పటి సలహాదారు డబ్బా కూడా ఇవ్వడు. తలదే తప్పంటాడు.

ఊపిరి మంచిదే, నడకా మంచిదే. తీరిక ఉన్నవాళ్లు హాయిగా చేసుకోవచ్చు. బాధ ఎక్కడ పుట్టిందో అడగకుండా బాధపడే పద్ధతిని దిద్దబోతేనే పేచీ. 2023 డిసెంబరులో సూరత్‌లో పెంటగాన్ కన్నా పెద్దదంటూ వజ్రాల బూర్స్ అనే వ్యాపార భవనం ప్రారంభమైంది. మరుసటేడు వజ్రాల గిరాకీ పడిపోయి, ఆత్మహత్యలు ఆపడానికి కార్మిక సంఘం హెల్ప్‌లైన్ తెరవాల్సి వచ్చింది. ఫోన్ చేసినవాళ్లలో చాలామంది అడిగింది ధ్యానం గురించి కాదు. పని అడిగారు, పిల్లల ఫీజుకు సాయం అడిగారు.

ఇలాంటి జబ్బుకు వైద్యమెలా చేయాలో సూరత్‌కు తెలియనిది కాదు. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు వస్తే లక్షల మంది ఊరొదిలి పారిపోయారు. మరుసటేడు కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు జనాన్ని కూర్చోబెట్టి సానుకూల దృక్పథం బోధించలేదు. ఏసీ గదుల్లోని అధికారులను రోజూ వీధుల్లోకి పంపి చెత్త ఎత్తించారు. 1996 కల్లా దేశంలో రెండో శుభ్రమైన నగరమని సూరత్‌కు పేరొచ్చింది. చికిత్స కింది నుంచి కాక పైనుంచి మొదలైంది, అంతే తేడా.

కాబట్టి మందులచీటీ చింపనక్కర్లేదు, రోగి పేరు మారిస్తే చాలు. అందులో కార్ఖానా యజమాని సేఠ్‌గారి పేరు రాద్దాం. లోతైన ఊపిరికి కార్ఖానాకు కిటికీలు, నిటారైన నడుముకు ఎనిమిది గంటల షిఫ్టూ కూర్చోవడానికి బల్లా, ఇరవై శాతం పొదుపుకు ఆ మేరకు పెరిగిన మీటరు రేటు. అంత ఖర్చు భరించలేనంటారా సేఠ్‌జీ? మరేం పర్వాలేదు, కాసిని కోరికలు తగ్గించుకోండి. ముప్ఫై శాతం దాకా తగ్గించుకునే వీలు మీ పద్దులోనే ఉంది.