జమ్మిచెట్టు మీద గ్లవ్స్

2020 అక్టోబరు 24, శనివారం. బతుకమ్మను చెరువులో సాగనంపి, సద్దులు తిని, హన్మకొండలోని మా అత్తగారింట్లో అందరూ అలసి నిద్రపోయారు. అర్ధరాత్రి దాటాక నేనూ మా బామ్మర్దీ ఒకే దుప్పట్లో దూరి, ఫోను వెలుతురు బయటికి పొక్కకుండా ముసుగు కప్పుకుని, అబుదాబిలో ఇద్దరు మగాళ్ళు కొట్టుకోవడం చూస్తున్నాం. ఉన్న ఒక్క ఇయర్‌ఫోను అతని చెవిలో ఉంది. ఆ అవతారంలో మమ్మల్ని ఎవరైనా చూసి ఉంటే మర్నాడు పండగ పూట తలెత్తుకుని తిరిగేవాళ్ళం కాదు.

ఎంఎంఏ అనే ఈ మిశ్రమ పోరాట క్రీడ గురించి, దాని పోటీలు పెట్టే యూఎఫ్‌సీ అనే సంస్థ గురించి అప్పటికి నాకు తెలిసింది తక్కువ. చుట్టూ జాలీ ఉంటుంది, లోపల రిఫరీ ఉంటాడు, ఆయన అవసరమైనప్పుడు అటు తిరిగి ఉంటాడు. బామ్మర్ది మాత్రం ఆ విద్యలో పండితుడు. “బావా, ఇగ చూడు” అని నా మోకాలి చిప్ప పట్టుకున్నాడు. రెండో రౌండు నడుస్తోంది. ఖబీబ్ నుర్మగొమెదోవ్ జస్టిన్ గేత్జీని కింద పడేసి, రెండు కాళ్ళు అతని మెడ చుట్టూ త్రికోణంలా బిగించాడు. గేత్జీ చేత్తో తట్టాడు. ఈ ఆటలో అలా తడితే ఓడిపోయాను, వదిలిపెట్టు అని. రిఫరీకి కనబడలేదు. గేత్జీకి స్పృహ తప్పింది. అప్పుడు కనబడింది.

గెలిచినవాడు గంతులు వేయాలి కదా. ఈయన పంజరం నడిమధ్య నేలకు తల ఆనించి ఏడవడం మొదలుపెట్టాడు. కాసేపటికి గ్లవ్స్ విప్పి అక్కడే పెట్టేశాడు. మైకు ముందు ఏదో చెబుతుంటే బామ్మర్ది విని నా చెవిలో అనువాదం చేశాడు: నాన్న లేకుండా ఇక ఆడనని అమ్మకు మాటిచ్చాడట, ఇదే ఆఖరట. తండ్రీ గురువూ ఒక్కరే అయిన అబ్దుల్‌మనాప్ అప్పటికి దాదాపు నాలుగు నెలల కిందట, జులైలో, కోవిడ్ తెచ్చిన జబ్బులతో పోయాడు. కొడుక్కి 32 ఏళ్ళు. 29 పోటీలు, 29 గెలుపులు. అనువాదం చివరికొచ్చేసరికి అనువాదకుడి గొంతు బొంగురుపోయింది. ఇంట్లోవాళ్ళు లేస్తారని ఇద్దరం దుప్పట్లోనే చప్పుడు చేయకుండా ముక్కులు తుడుచుకున్నాం.

తెల్లారితే దసరా. మా మామగారు రిటైరైన మెకానిక్. ఆయుధపూజకు పానాలు, స్క్రూడ్రైవర్లు, పాత స్కూటరు కడిగి వరసగా పెట్టి పసుపు కుంకుమ పెడుతున్నారు. బామ్మర్ది కళ్ళు వాచి ఉండటం చూసి ఏమైందని అడిగారు. వాడు చెప్పాడు. ఆయన బొట్టు పెట్టే వేలు గాల్లోనే ఆపి, “దసరా నాడు ఆయుధం కింద పెట్టిండా? జమ్మిచెట్టు మీద పెట్టాలె గద” అన్నారు.

అక్కడ మొదలైంది. అప్పటినుంచి మా ఇంట్లో దసరా అంటే పాలపిట్టను చూడటం, జమ్మి ఆకు పంచుకుని బంగారమనుకోవడం, అలాయ్ బలాయ్ తీసుకోవడం, మటన్ తినడం, ఖబీబ్ గొప్పవాడా కాదా అని కొట్టుకోవడం. మొదటి నాలుగూ శాస్త్రప్రకారం గంటలో అయిపోతాయి.

ప్రతిపక్షం మా సడ్డకుడు. తోడల్లుడంటారు మీ వైపు. వృత్తి ఆడిటింగు. మనిషి చెడ్డవాడు కాదు గానీ, పక్కింటివాళ్ళు పిల్లకు 95 శాతం వచ్చిందని స్వీట్లు తెస్తే మిగతా 5 ఎక్కడ పోయిందని అడిగే రకం. ఆయన మొదటి అభ్యంతరం 29 మీదే. “ఇరవై తొమ్మిదిల యూఎఫ్‌సీల ఎన్ని? పదమూడు. మిగిలిన పదహారు యాడ ఆడిండు? అవి మన మండలస్థాయి పోటీలే గద తమ్ముడూ.” రెండో అభ్యంతరం బెల్టు నిలబెట్టుకున్న లెక్క. ఖబీబ్ 2018 ఏప్రిల్‌లో చాంపియన్ అయ్యాడు, తర్వాత మూడుసార్లు నిలబెట్టుకున్నాడు: మెక్‌గ్రెగర్, పోరియే, గేత్జీ. అదే జార్జెస్ సెయింట్ పియరీ వరసగా 9 సార్లు, ఆండర్సన్ సిల్వా 10, డిమీట్రియస్ జాన్సన్ 11. “మూడేండ్లు నౌకరి చేసి పూర్తి పెన్షన్ అడిగినట్టుంది” అని మా సడ్డకుడి తీర్పు.

దీనికి బామ్మర్ది జవాబు లెక్కల్లో ఉండదు, ఎప్పుడూ శరీరంలో ఉంటుంది. నన్ను లేపి, నేల మీద పడుకోబెట్టి, ఖబీబ్ కింద పడటమంటే ఏమిటో చూపిస్తాడు. ఆయన కొట్టేది తర్వాత. ముందు తన బరువంతా మీద వేసి, నీ కాళ్ళను తన కాళ్ళతో మెలిపెట్టి, నీ ఒక చేతిని నీ నడుము కిందే ఇరికించి, మిగిలిన చేత్తో ఏం చేస్తావో చేసుకోమంటాడు. ఎదుటివాడు లేవాలని చూసేకొద్దీ అలసిపోతాడు. ఇదంతా నా మీద ప్రయోగించి చూపడంలో బామ్మర్ది 78 కిలోలు, ఖబీబ్ ఆడిన తరగతి 70 కిలోలు అనే తేడా ఎవరూ పట్టించుకోరు. అయినా ఒప్పుకోవాలి, కింద పడి చూసినవాడిగా నా ఓటు అప్పుడే ఖబీబ్‌కు పడింది. యూఎఫ్‌సీలో అన్నేళ్ళూ ఆడి, మెక్‌గ్రెగర్‌తో మూడో రౌండు దాకా ఆయన స్పష్టంగా రౌండు ఓడినట్టు చెప్పుకునే సందర్భమే లేదంటే, కింద ఉన్నవాళ్ళందరి పరిస్థితీ నాలాగే ఉండేదని అర్థం.

మామగారి కొలతలు వేరు. ఆయన చిన్నప్పుడు వరంగల్లులో తాలీంకు వెళ్ళి మట్టిలో కుస్తీ పట్టారు. ఆయనకు పహిల్వాన్ అంటే గామా. 1910లో లండన్ వెళ్ళి జిబిస్కో అనే మల్లయోధుడితో గంటల తరబడి పట్టి తేల్చుకోలేక, 1928లో పాటియాలాలో నిమిషం తిరక్కుండా అదే జిబిస్కోను వెల్లకిలా పడేసిన గామా. ఆ తర్వాత మన కోడి రామ్మూర్తి నాయుడు. ఖబీబ్ తొమ్మిదేళ్ళప్పుడు ఎలుగుబంటి పిల్లతో కుస్తీ పట్టిన వీడియో బామ్మర్ది ఎంతో భక్తిగా చూపిస్తే మామగారు కళ్ళజోడు సర్దుకుని చూసి, “గొలుసుతోని కట్టేసిన్రు గదరా దాన్ని. కోడి రామ్మూర్తి రొమ్ము మీదికి ఏనుగు ఎక్కింది. దానికి గొలుసు లేదు” అన్నారు. ఏనుగుకు గొలుసు ఉందో లేదో చరిత్ర చెప్పదు. మామగారు చెప్పారు కాబట్టి లేదు.

ఇక అందరం ఒక్కటై చర్చించే ఘట్టం టోనీ ఫెర్గసన్. ఇది మా అత్తమ్మకు కూడా ఇష్టం, ఎందుకంటే ఇది ఆటలా ఉండదు, తప్పిపోయిన సంబంధంలా ఉంటుంది. ఆ ఇద్దరికీ ఐదుసార్లు పోటీ ఖాయం చేశారు. 2015లో ఖబీబ్‌కు దెబ్బ తగిలింది, రద్దు. 2016లో టోనీకి ఊపిరితిత్తుల జబ్బు, రద్దు. 2017లో బరువు తగ్గబోయి ఖబీబ్ ఆస్పత్రి పాలయ్యాడు, అదీ పోటీ రేపనగా. 2018లో టోనీ ప్రచారం కోసం స్టూడియోకు వెళ్ళి, అక్కడ కరెంటు తీగో ఏదో కాలికి తగిలి పడి మోకాలు పోగొట్టుకున్నాడు. ఆ వార్త బయటికొచ్చింది ఏప్రిల్ 1న కాబట్టి జనం నవ్వి ఊరుకున్నారు. తీరా నిజం. 2020 ఏప్రిల్‌లో ఐదోసారి. ఇద్దరూ గట్టిగా ఉన్నారు, ఎవరికీ దెబ్బల్లేవు, తీగలన్నీ సర్దేసి ఉన్నాయి. ఈసారి ప్రపంచమే మూతపడింది.

“అయిదు ముహూర్తాలు తప్పినయంటే దేవుడు వద్దంటున్నట్టే” అని అత్తమ్మ చెంపలు వేసుకుంటుంది. సడ్డకుడు మాత్రం, ఆ సంవత్సరాల్లో టోనీ అందరినీ చితక్కొడుతున్నాడు, ఆ ఒక్క పరీక్ష రాయకుండా ఫస్టు ర్యాంకెలా ఇస్తారంటాడు. ఇదొక్కటే ఆయన వాదనలో నాకు నిద్రపట్టనివ్వనిది. 2012లో గ్లీసన్ టిబావుతో జడ్జీలు ఇచ్చిన గెలుపు మీద అనుమానాలున్నాయనీ, దెబ్బలతో 2014 ఏప్రిల్ నుంచి రెండేళ్ళు ఆడనేలేదనీ కూడా ఆయన అంటాడు గానీ, అవి గీకి తీసిన మసి.

మెక్‌గ్రెగర్ రాత్రి గురించి మా ఇంట్లో ఎక్కువ మాట్లాడం. 2018 అక్టోబరులో లాస్‌వేగాస్‌లో నాలుగో రౌండులో గొంతు పట్టి ఓడించాక, ఖబీబ్ పంజరం గోడెక్కి బయటికి దూకి అవతలివాళ్ళ మనిషి మీద పడ్డాడు. తొమ్మిది నెలల నిషేధం, 5 లక్షల డాలర్ల జరిమానా. మతాన్నీ తండ్రినీ తిడితే ఊరుకోవాలా అని బామ్మర్ది అంటాడు. గెలిచినవాడు గోడ దూకడమేమిటని నేనంటాను. అప్పుడు మామగారు మా పెళ్ళిలో, భోజనాల దగ్గర మా చిన్నాన్న టేబుళ్ళ మీద నుంచి దూకిన సంగతి గుర్తుచేస్తారు. అందుకే ఎక్కువ మాట్లాడం.

అసలు గొడవ జమ్మిచెట్టు దగ్గరే. మామగారి శాస్త్రం ప్రకారం జమ్మి మీద ఆయుధం పెట్టడమంటే మళ్ళీ దింపుకోవడానికే. పాండవులు ఏడాది ఆగి దింపుకున్నారు. “మీ సెయింట్ పియరీ ఎన్నేండ్లాగిండు?” అని సడ్డకుణ్ణి అడిగారు. నాలుగేళ్ళు. 2013లో పక్కకు తప్పుకుని, 2017 నవంబరులో వచ్చి ఒక తరగతి పైన ఉన్న బిస్పింగ్ బెల్టు గుంజుకుని మళ్ళీ వెళ్ళిపోయాడు. మామగారికి ఆయన మీద గౌరవం కలిగింది, అర్జునుడికి నాలుగు రెట్లు ఆగాడు కాబట్టి. మెక్‌గ్రెగర్ 2016, 2019, 2020లో మూడుసార్లు రిటైరయ్యానన్నాడంటే, “అది రిటైరగుడు కాదు, అల్లుని అలుక” అని నా వైపు చూశారు. మరో చాంపియన్ జోన్ జోన్స్ 2025 జూన్‌లో వెళ్ళిపోయాడనీ, పది పదిహేను రోజులకే మళ్ళీ డోపింగు పరీక్షల జాబితాలో పేరు రాయించుకున్నాడనీ బామ్మర్ది చెబితే, ఆ మనిషి కేసు అసలు వినడానికే ఒప్పుకోలేదు.

ఖబీబ్ దింపుతాడని అందరూ చూశారు. యూఎఫ్‌సీ అప్పటి అధ్యక్షుడు డేనా వైట్ వెంటపడ్డాడు, బతిమాలాడు, 2021 మార్చి దాకా బెల్టు ఎవరికీ ఇవ్వకుండా అట్టే పెట్టాడు. ఈయన రానంటే రానన్నాడు. ఆ మేలో బెల్టు ఛార్లెస్ ఒలివేరాకు పోయింది. 2022 అక్టోబరులో, మళ్ళీ అబుదాబిలోనే, ఖబీబ్‌తో చిన్ననాటి నుంచీ కలిసి సాధన చేసిన ఇస్లాం మఖచేవ్ ఒలివేరాను ఓడించి దాన్ని తిరిగి తమ దాగెస్తాన్‌కు తెచ్చాడు. మామగారు తొడ చరిచారు: “అన్న చెట్టు మీద పెడితే తమ్ముడు దింపిండు! గిదీ లెక్క.” మేమందరం చప్పట్లు కొట్టాం. తర్వాతి ఒక దసరాకు సడ్డకుడు ఆ చప్పట్లనే పట్టుకుని ఎదురుతిరిగాడు. ఇస్లాం బెల్టును నాలుగుసార్లు నిలబెట్టుకున్నాడు, కాబట్టి ఆ ఊళ్ళోనే ఖబీబ్‌ది రెండో స్థానం అని. బామ్మర్ది ఆ రోజు మటన్ తినలేదు. రెండోసారి వడ్డించేదాకా తినలేదు.

అత్తమ్మ తీర్పు మాత్రం మొదటి ఏడాదే అయిపోయింది, ఎవరూ అడగకపోయినా. ఆ ఆఖరి పోటీలో గేత్జీ చెయ్యి విరిచే పట్టు ఖబీబ్‌కు దొరికిందట. గేత్జీ చేతులు విరిగినా తట్టనని ముందే చెప్పుకున్నాడు. తల్లిదండ్రులు చూస్తుండగా వాళ్ళ కొడుకు చెయ్యి విరగ్గొట్టడం ఇష్టంలేక ఖబీబ్ పట్టు మార్చి మెడకు త్రికోణం వేశాడని స్నేహితుడు డేనియల్ కోర్మియర్ తర్వాత చెప్పాడు. “మెడ పట్టుకుంటే నిద్రపోతడు, చెయ్యి ఇరిగితే బాధయితది” అని బామ్మర్ది వివరిస్తే అత్తమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. తన అమ్మకిచ్చిన మాట, ఎదుటివాడి అమ్మ ముందు దయ. ఇంతకన్నా ఏం కావాలె, గిన్నెలు తీయండి అంది.

పోయిన దసరాకు మాట మాట పెరిగి సడ్డకుడు మామగారి మీదికే వచ్చాడు. ఓడిపోకుండా దిగిపోవడమంటే ఓడేదాకా ఆడకపోవడమే అన్నాడు. మామగారికి రోషం వచ్చింది. తాను కూడా తాలీంలో ఓడిపోకుండానే దిగానన్నారు. యాభై ఏళ్ళుగా ఆ ఇంట్లో వినబడుతున్న మాటే. ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న ఆడిటరు అడిగాడు.

“మామా, మొత్తం ఎన్ని కుస్తీలు?”

మామగారు తమలపాకుకు సున్నం రాశారు. ఆకు ఇటూ అటూ తిప్పారు. “రెండు.”

“రెండూ గెలిచిన్రా?”

“ఒకటి గెలిచిన. రెండోదానికి అవతలోడు రాలే.”

బామ్మర్ది తల దించుకున్నాడు. లోపల్నుంచి అత్తమ్మ గొంతు వినబడింది: “ఆ రానోడు మా అన్న. గదే వారం మా ఇద్దరి సంబంధం ఖాయమైంది, బావతోని కుస్తీ పట్టొద్దని మా నాయిన తలుపు గొళ్ళెం పెట్టిండు. మా అన్న ఇప్పటికీ అంటడు, ఆ దినం వస్తే ఎత్తి పడేస్తుంటి అని.”

ఎవరూ నవ్వలేదు. సడ్డకుడు ఫోను తీసి ఏదో లెక్క వేసుకుంటున్నట్టు తల దించాడు. మామగారు లేచి వచ్చి, జేబులోంచి జమ్మి ఆకు తీసి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి గట్టిగా నొక్కారు.

“రాసుకో,” అన్నారు. “ఒకటి, సున్న.”