నక్షత్రకుణ్ణి వదిలేయండి

సత్య హరిశ్చంద్ర నాటకంలో విలన్ ఎవరని అడిగితే మావైపు ఎవరైనా చెప్పే పేరు విశ్వామిత్రుడు. బ్యాంకు నోటీసు ఒకటో రెండో అందుకున్న వాళ్లయితే నక్షత్రకుడంటారు. మార్కండేయ పురాణంలో అప్పు వసూలుకు విశ్వామిత్రుడు తనే వస్తాడు. తెలుగులో మాత్రం 15వ శతాబ్దపు గౌరన ద్విపదలోనే ఆయన శిష్యుడు నక్షత్రకుడు రాజు వెంట పడ్డాడు. 1912లో బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు నాటకం రాశాక ఊరూరా పడ్డాడు. ఈనాటికీ వదలకుండా పీక్కుతినే వాడి పేరు మనకు నక్షత్రకుడే.

పాపం, ఆ కుర్రాడు చేసిన నేరమేమిటి? అప్పు అతనిది కాదు, యాగమూ అతనిది కాదు. ఏనుగు మీద నిలబడి బలశాలి రత్నం విసిరితే ఎంత ఎత్తు వెళుతుందో అంత ధనరాశి కావాలన్నది గురువు. ఇస్తానన్నది రాజు. రాజుగారు మాడిన ఎండలోనే ఇతనూ మాడాడు, ఆయన పస్తున్న పూటల్లో ఇతనికీ విందుభోజనాలేం దొరకలేదు. అయినా ఆయనకు కన్నీళ్లు, ఇతనికి శాపనార్థాలు. నేనైతే నక్షత్రకుణ్ణి ఎప్పుడో వదిలేశాను.

పోనీ హరిశ్చంద్రుడి మీదే కేసు పెడదామా అంటే అక్కడో చిక్కుంది. ఊళ్లో కాంట్రాక్టు నాటకమంటే ఒక హరిశ్చంద్రుడితో తెల్లవారదు. కొలువులో మాటిచ్చేది ఒకాయన. వారణాసిలో పెళ్లాన్ని అమ్మేది ఇంకొకాయన. కాటి సీనుకు పేరుమోసిన మూడో ఆయన అర్ధరాత్రి దాటాక కారు దిగుతాడు. చంద్రమతులూ ఇద్దరు. మాటిచ్చిన వాడు మేకప్ కడుక్కుని లాస్టు బస్సెక్కేస్తే, ఆ మాటకు కట్టుబడి కాడు కాసేది ముక్కూ మొహం తెలియని మరొకడు. హామీ ఒకరిది, బాకీ ఇంకొకరిది. ఈ ఏర్పాటు మనకు నాటకాల వల్ల వచ్చిందో, మనల్ని చూసి నాటకాల వాళ్లు నేర్చుకున్నారో గానీ, ఏ హరిశ్చంద్రుణ్ణి బోనెక్కించినా ‘ఆ సీను నాది కాదండీ’ అంటాడు.

అసలు ఆయన రాజ్యం దేనికి పోయింది? నిజం చెప్పినందుకంటారు అందరూ. కథ మళ్లీ చూడండి. విశ్వామిత్రుడు పంపిన మాతంగ కన్యలు వచ్చి ఆడి పాడి, మమ్మల్ని పెళ్లాడమంటారు. రాజు కాదంటాడు. అయితే రాజ్యమిచ్చెయ్ అంటాడు ముని. రాజు ఇచ్చేస్తాడు. అంటే ఆయన సింహాసనం దిగింది అబద్ధమాడలేక కాదు, ఆ పిల్లల్ని కట్టుకోలేక. దిగినవాడు దిగినట్టు పోయి ఆఖరికి కాటికాపరి వీరబాహుడికి బానిసగా అమ్ముడుపోయాడు. వీరబాహుడు పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పనిని రాజు నాలుగు రోజులు చేస్తే మనకది మహా విషాదం. వీరబాహుడి బతుకు గురించి ఏడ్చిన ప్రేక్షకుణ్ణి నేనింతవరకూ చూడలేదు. అతను కల్లు తాగి తూలితే నవ్విన వాళ్లను చాలామందిని చూశాను.

ఇదే కథ చిన్నప్పుడు నాటకంగా చూసి, అందరూ హరిశ్చంద్రుల్లా ఎందుకుండకూడదని గాంధీ గారు బెంగపెట్టుకున్నారు. ఆత్మకథలో రాసుకున్నారు కూడా. మనమూ చూశాం. చూసి, ఎవడైనా ఉన్నమాట అంటే ‘వీడో పెద్ద హరిశ్చంద్రుడు బయల్దేరాడండీ’ అని వెక్కిరించడం నేర్చుకున్నాం.

ఇక అసలు మనిషి దగ్గరికొస్తాను. ఆయన స్టేజీ మీద ఉండడు. మొదటి వరసలో, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో, భుజం మీద కండువాతో ఉంటాడు. మా ఊరి తిరునాళ్లలో ఆయన్ను పక్కనుంచి చూశాను.

రాత్రి మూడు దాటింది. నల్ల గొంగళి, కర్ర, కుండతో కాటి హరిశ్చంద్రుడు వచ్చి జాషువా గారి శ్మశానవాటి పద్యం ఎత్తుకున్నాడు. ఆ పద్యాలు బలిజేపల్లి వారివి కావు, నటులు తెచ్చి కలుపుకున్నవి. అంటరానితనం రుచి చూసిన కవి, ఈ మట్టిలో ఆ తేడాలు చెల్లవని రాసిన పద్యాలు. హార్మోనియం ఆయన రాగాన్ని ఎత్తి ఎత్తి పట్టాడు. ‘వన్స్‌మోర్!’ అన్నాడు మన కుర్చీ ఆయన. మళ్లీ పాడారు. మళ్లీ వన్స్‌మోర్. కళ్లు తుడుచుకుంటూ స్టేజెక్కి గొంగళికి ఐదొందల నోటు పిన్నీసుతో గుచ్చాడు. ఆయన పేరు, తండ్రి పేరు, మాజీ పదవి మైకులో రెండుసార్లు మోగాయి. మా ఊళ్లో శ్మశానాలు రెండు. రెండోదానికి దారి లేదు, వానాకాలం శవాన్ని మోకాటి లోతు పంట కాలవలోంచి మోసుకెళతారు. ఆ దారి కోసం అడిగిన అర్జీ ఆయన పదవిలో ఉన్నన్నాళ్లూ ఆయన బల్ల మీదే ఉంది.

అంతలో చంద్రమతి కొడుకు శవంతో వచ్చింది. పాము కరిచిన పిల్లాణ్ణి కింద పడుకోబెట్టింది. కాటి సుంకం కట్టందే దహనం కుదరదన్నాడు హరిశ్చంద్రుడు. గవ్వ కూడా లేదని ఆమె ఏడుస్తోంది. సుంకం అడుగుతున్న ఆయన గొంగళి మీద అప్పటికి పది పన్నెండు నోట్లు ఫ్యాను గాలికి రెపరెపలాడుతున్నాయి. వాటిల్లో ఒక్కటి పీకి ఆమె చేతిలో పెడితే కథ అక్కడే సుఖాంతం. కానీ ఆ డబ్బు పద్యానికిచ్చింది, పిల్లాడికి కాదు. మెడలో మాంగల్యం ఉందిగా, అదమ్మి కట్టమన్నాడు. పతికి తప్ప ఇంకెవరికీ కనపడని ఆ మంగళసూత్రం మాట వినగానే చంద్రమతి మొగుణ్ణి గుర్తుపట్టి గొల్లుమంది. పందిరంతా గొల్లుమంది.

లోహితాస్యుడు మూడో తరగతి చదివే పిల్లాడు. గంట నుంచీ శవమై పడున్నాడు. ఇక అయిపోవచ్చిందనుకున్నాడేమో, మెల్లగా ఒక కన్ను తెరిచి, కాలి మీద వాలిన దోమను రెండో కాలితో తోలుకున్నాడు.

‘వన్స్‌మోర్!’ అని అరిచాడు ముందు వరస ఆయన.

చంద్రమతి కన్నీళ్లు తుడుచుకుని నాలుగడుగులు వెనక్కి వెళ్లింది. హార్మోనియం మళ్లీ శ్రుతి ఇచ్చింది. పిల్లాడు కన్ను మూసుకున్నాడు.