చోటు మార్చుకోమంటే తాళాలు పీకేశాను

సిద్ధాంత గ్రంథాన్ని తెలుగులో అందంగా కూర్చుకోవాలని టెక్ లైవ్ సాఫ్ట్‌వేరు దించుకున్నాను. దించుకున్నది డిపార్ట్‌మెంట్‌లో అందరం పంచుకునే లినక్స్ కంప్యూటరులో. ఇన్‌స్టాలర్ స్క్రిప్టు నడపగానే మెనూ వచ్చింది. యూఎస్ఆర్ లోకల్ కింద రాయడం కుదరదు, వేరే చోటు ఎంచుకోమని అందులోనే ఉంది. నేను చదివింది ‘కుదరదు’ అన్నంతవరకే.

అంతకు వారం ముందు, ప్రింటరు పని కోసం సిస్టమ్స్ చూసే సారు నా అకౌంటుకి సుడో ఇచ్చారు, అంటే సర్వాధికారాలున్న రూట్ హోదాలో కమాండ్లు నడిపే అధికారం. పని కాగానే చెప్పమన్నారు. చెప్పలేదు. చేతిలో ఆ అధికారం ఉండటం నాకు బాగుంది, అది నిజం.

ప్రతిసారీ సుడో కొట్టడం దేనికి, ఒక్కసారే అడ్డు తీసేద్దాం అనుకున్నాను. యూఎస్ఆర్ ఫోల్డరు మొత్తానికీ సీహెచ్‌మోడ్ 777 పెట్టేశాను. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, కలిపితే 7. యజమానికి ఒక 7, గుంపుకి ఒక 7, మిగతా లోకానికంతా ఒక 7. ఎవరైనా ఏదైనా మార్చేయవచ్చు. ఆ అంకెల అర్థం నాకు తెలుసు. తెలిసే కొట్టాను.

తెలియనిది ఇంకొకటుంది. సుడో ఫైలు మీద సెట్‌యూఐడీ అనే గుర్తు ఉంటుంది. ఎవరు నడిపినా అది రూట్ హోదాలో నడిచేది ఆ గుర్తు వల్లే. నా 777 ఆ గుర్తును చెరిపేసింది. చేసినదాన్ని దిద్దాలంటే సుడో కావాలి, ఆ సుడోనే పనిచేయడం మానేసింది.

ఆదివారం సారు ఇంటి దగ్గర నుంచి వచ్చారు.

“ఏం చేశావమ్మా?”

“నేనేం చేయలేదు సార్. దానంతట అదే...”

యూఎస్‌బీతో బూట్ చేసి, లాగ్ తెరిచారు. సుడోతో నడిపిన ప్రతి కమాండూ అందులో పేరుతో సహా పడుతుంది. స్క్రీను నా వైపు తిప్పారు. అరిచి ఉంటే బాగుండేది.

“దీనికి రూట్ అక్కర్లేదమ్మా. మెనూలో డి కొట్టి, నీ హోమ్ ఫోల్డరు ఇస్తే అయిపోయేది.”

హోమ్ ఫోల్డర్లు పక్కన పెట్టి మిగతాదంతా మళ్లీ ఎక్కించేసరికి రాత్రయింది. నా టెక్ లైవ్ నా హోమ్‌లోనే పెట్టుకున్నాను. బాష్ఆర్‌సీలో పాత్ కోసం ఒక్క లైను చేర్చాను, అంతే.

కానీ ఆ కంప్యూటరు మీద ఒక అక్క మూడు రోజులుగా నడిపిస్తున్న లెక్క మధ్యలో ఆగిపోయింది. సోమవారం వచ్చి, కరెంటు పోయిందేమో అనుకుని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. సారు చెప్పలేదు. నేనూ ఇంతవరకు చెప్పలేదు.